ఆ ఫొటోలో ఉన్నది నాచు కాదు, పూలమొక్క

సంపాదకుల వారికి,
నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో తోటల పేజీలో వచ్చిన ఒక ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రాతిపలకల సందుల్లో పచ్చగా, మెత్తగా నాచులా పరుచుకున్న మొక్క ఫొటో ఒకటి ఒక పాఠకురాలు పంపారు. మధ్యమధ్యలో చిన్న తెల్లపూలు వచ్చాయనీ, అదేం మొక్కో, ఎలా పెంచాలో చెప్పమనీ అడిగారు. అది "పూలు పూసే నాచు" అనీ, పూర్తి నీడలో ఉంచి రోజంతా తడి ఆరకుండా చూడాలనీ, ఇంకా పాకాలంటే కొంత తీసి మజ్జిగతో రుబ్బి రాళ్లకు పూయాలనీ మీ జవాబులో ఉంది. ఆ సలహా పాటిస్తే ఆవిడ మొక్క కుళ్లిపోతుంది. రుబ్బిన ముద్దలోంచి ఒక్క మొక్క కూడా లేవదు. నేను కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. నేలకు అతుక్కుని బతికే చిన్న మొక్కలంటే నాకు మొదటినుంచీ ప్రాణం. ఉత్తరం కాస్త పొడుగైనా కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను.

నాచు పూయదు. ఏ రకం నాచూ పూయదు. దానికి పువ్వు లేదు, విత్తనం లేదు, నిజమైన వేరు కూడా లేదు. సన్నని మూలతంతువులతో నేలనో రాతినో పట్టుకుని ఉంటుంది. నీళ్లు ఎక్కువగా ఒంటి మొత్తంతోనే పీల్చుకుంటుంది. పొడిలాంటి సిద్ధబీజాలు (స్పోర్లు) గాల్లో వెళ్లి పడిన చోట కొత్త నాచు పుడుతుంది. నాచు ఆకు చిన్న ముక్క తెగి పడినా అందులోంచి కొత్త మొక్క రాగలదు. నాచును నలిపి రాళ్లకు పూసే పద్ధతి వచ్చింది అందుకే. ఆ లక్షణం పూలమొక్క ఆకుకు అలా ఉండదు. సూదిమొన లాంటి ఆకును రుబ్బితే మిగిలేది పచ్చడే. దానికి మజ్జిగ కూడా తోడైతే ముందుగా బూజు పడుతుంది.

నాచుకు పూలు వచ్చాయని ఎందుకు అనిపిస్తుందో నాకు తెలుసు. క్లాసులో కూడా ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. ఫ్యునేరియా అనే నాచు మీద సన్నని ఎర్రటి కాడలు లేచి, ఒక్కో కాడ చివర బేరిపండు ఆకారంలో చిన్న గుళిక తల వంచుకుని ఉంటుంది. దూరంనుంచి చూస్తే మొగ్గలనే అనుకుంటారు. అవి సిద్ధబీజాలు తయారయ్యే సంచులు. పాలిట్రైకమ్ అనే ఇంకో నాచు ఇంతకన్నా బాగా మోసం చేస్తుంది. దాని మగమొక్కల కొసన ఆకులన్నీ కూడి ఎర్రటి గిన్నెలా విచ్చుకుంటాయి. చూస్తే అచ్చం పువ్వే. వానచినుకు ఆ గిన్నెలో పడి చిందినప్పుడు మగకణాలు చుట్టుపక్కల మొక్కల మీదికి చేరతాయి. ఆ ఏర్పాటు ఎంత అందమైనదో చెప్పడానికి నేను ఒక పీరియడ్ అంతా తీసుకునేదాన్ని. అయినా అది పువ్వు కాదు. తెల్లటి రేకులు, మధ్యలో పుప్పొడి ఉన్న కేసరాలు కనబడ్డాయంటే మన ముందున్నది నాచు కానే కాదు.

పూలు లేని సమయంలో తేల్చుకోవడానికి తేలిక దారి ఒకటుంది. గోటిమీద పట్టేంత ముక్క తీసి, కాగితం మీద పెట్టి పూర్తిగా ఎండనివ్వండి. తర్వాత నీళ్లు చిలకరించండి. చాలా రకాల నాచు ముడుచుకుపోయి పెళుసుగా మారినా, నీళ్లు తగిలిన కొన్ని నిమిషాల్లో మళ్లీ ఆకు విప్పి పచ్చబడుతుంది. మామూలు పూలమొక్క ముక్క అలా ఎండిందంటే ఇక లేవదు. ఇంకో గుర్తు కూడా ఉంది. మెత్తటి తడినేలలో మొక్కను మొదలు దగ్గర పట్టి నెమ్మదిగా లాగితే పూలమొక్కకు కొమ్మలుగా చీలిన తెల్లటి వేళ్లు వస్తాయి. నాచుకు గోధుమరంగు నూగు మాత్రమే వస్తుంది.

ఇక మీరు వేసిన ఫొటో సంగతి. అచ్చులో చిన్నగా వచ్చినా మూడు విషయాలు కనబడుతున్నాయి. ఆకులు సూదుల్లా ఉన్నాయి, ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయి. ప్రతి పువ్వూ విడిగా, దారంలాంటి కాడ మీద పైకి లేచి ఉంది. రేకులు అయిదు. వీటిని బట్టి నా అంచనా సాజినా సుబులాటా. కార్నేషన్ పూల కుటుంబానికి చెందిన మొక్క, పుట్టినిల్లు యూరప్. ఆకు పొడవు మహా అయితే ఒక సెంటీమీటరు చిల్లర, కొస సన్నని ముల్లులా తేలి ఉంటుంది. పువ్వు వెడల్పు ఒక సెంటీమీటరు లోపే. మొక్క మొత్తం ఎత్తు పూలతో కలిపినా సాధారణంగా పది సెంటీమీటర్ల లోపే. తోటల వాళ్లు దీన్ని ఐరిష్ మాస్ (మాస్ అంటే ఇంగ్లిషులో నాచు) అంటారు, పసుపుపచ్చ ఆకుల రకాన్ని స్కాచ్ మాస్ అంటారు. ఐరిష్ మాస్ అనే పేరుతోనే సముద్రంలో పెరిగే ఎర్రటి శైవలం (ఆల్గే) కూడా ఉంది. దాని అసలు పేరు కాండ్రస్ క్రిస్పస్. జెల్లీలా గట్టిపడే క్యారజీనన్ దాన్నుంచి తీస్తారు. పేరొక్కటే చెప్పి మొక్కను గుర్తించామనుకుంటే ఎంత దూరం దారి తప్పుతామో దీన్నిబట్టి చూడండి.

అయితే ఫొటో చూసి అంచనా వేయవచ్చు గానీ నిర్ధారణ చేయకూడదు. చేతిలో మొక్క ఉన్నవాళ్లే ఆ పని చేయాలి. పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న లెన్స్ ఉంటే చాలు. పువ్వును తెల్లకాగితం మీద పెట్టి, ముందు కిందివైపున ఆకుపచ్చగా ఉండే రక్షకపత్రాలు లెక్కపెట్టాలి, తర్వాత రేకులు, తర్వాత నడుమ, గింజలు తయారయ్యే అండాశయం మీద దారాల్లా నిలబడిన కీలాలు. సాజినా సుబులాటాకు రక్షకపత్రాలు అయిదు, రేకులు అయిదు, కేసరాలు పది, కీలాలు అయిదు. రక్షకపత్రాలు ఎక్కువ పూలలో నాలుగే ఉండి, రేకులు కంటికి ఆననంత చిన్నవిగానో అసలు లేకుండానో ఉంటే అది దాని దగ్గరి చుట్టం సాజినా ప్రోకంబెన్స్. అదైతే జాగ్రత్త పడాల్సిందే. దాని గింజలు ధూళిలా ఉంటాయి, చెప్పుల మట్టితో కూడా పోతాయి. దక్షిణ అట్లాంటిక్‌లోని గఫ్ అనే మారుమూల దీవిలో 1998లో అది కనబడింది. అక్కడి సహజమైన మొక్కలను కప్పేస్తుందని అప్పటినుంచీ దాన్ని ఏరివేయడానికి పెద్ద ప్రయత్నమే చేశారు. ఒక్క రక్షకపత్రమే కదా తేడా అని తీసిపారేయకూడదని నేను అనేది ఇందుకే.

రేకులు అయిదుండి, ఆకు మాత్రం సూదిలా కాక గుండ్రంగా, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉంటే అది అరెనేరియా బలేరికా కావచ్చు. అప్పుడు కీలాలు మూడే ఉంటాయి. మధ్యధరా సముద్రపు దీవుల్లో తడి రాళ్ల మీద నీడలో పాకే మొక్క అది. సాజినాకు వెలుతురు కావాలి, దీనికి చల్లటి నీడ కావాలి. కీలాలు మూడా అయిదా అని చూడటం పాండిత్యం కోసం కాదు, కుండీ ఎక్కడ పెట్టాలో తేలేది అక్కడే.

నాచు అని పొరబడే మొక్కలు ఇంకా ఉన్నాయి. సొలెయిరోలియా అనేది గుండ్రటి చిట్టి ఆకులతో చాపలా అల్లుకుంటుంది. పూలకు రేకులే ఉండవు కాబట్టి పూసినట్టే తెలియదు. కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. తెగిన ముక్క ఎక్కడ పడితే అక్కడ బతికిపోతుంది, కనుక గడ్డి పక్కన నేలలో నాటకుండా కుండీలో ఉంచడం మంచిది. ఎత్తైన కొండల మీదా, ఉత్తర ధ్రువపు చలినేలల్లోనూ ఉండే సైలీన్ అకాలిస్ గులాబీరంగు పూలతో గుమ్మటంలా పెరుగుతుంది. ఒక్కో గుమ్మటం వందేళ్లు దాటి బతుకుతుంది. మాస్ ఫ్లాక్స్ అనేదానికీ సూది ఆకులే, కానీ పూలు పెద్దవి, రేకుల చివర చిన్న నొక్కు ఉంటుంది.

వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనబడేది మాత్రం పైలియా మైక్రోఫిల్లా. కుండీల అంచున, గోడ పగుళ్లలో, మోరీ పక్కన తనంతట తనే మొలుస్తుంది. నాటకుండానే వస్తుంది కాబట్టి ఎవరూ దాని వైపు చూడరు. చూడాలి. నీరు నిండిన మెత్తటి కాడలు, ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ హెచ్చుతగ్గే దాని ముద్ర. ఇక పూలు గుండుసూది తలంత కూడా ఉండవు. మగమొగ్గలో కేసరాలు లోపలికి వంగి బిగిసి ఉంటాయి. మొగ్గ పగలగానే ఒక్కసారిగా నిటారుగా విచ్చుకుని పుప్పొడిని గాల్లోకి విసురుతాయి. నీళ్లు చల్లిన కాసేపటికి, వెలుతురుకు ఎదురుగా పెట్టి ఓపికగా చూస్తే, మొక్క మీదినుంచి సన్నటి పొగలా లేవడం కనబడుతుంది. పిల్లలకు చూపించండి. సైన్సు మీద ఇష్టం కలిగించడానికి దీనికన్నా చవకైన ప్రయోగం నాకు తెలియదు.

మీ జవాబు ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. అమ్మేచోట కూడా ఇదే వరస. మా తోటికోడలు ఒక నర్సరీనుంచి ట్రే ఒకటి తెచ్చుకుంది. దానిమీద "మాస్" అని ఒక్క మాట రాసి ఉంది. నీడలో పెట్టండి, రోజుకు రెండుసార్లు నీళ్లు పోయండి అని చెప్పి పంపారట. కొన్నాళ్లకు ఫోన్ చేసి, "అక్కా, నాచుకు ఇన్ని నీళ్లు పోస్తున్నా నడుమంతా నల్లబడి జారిపోతోందేంటి?" అని అడిగింది. వెళ్లి చూస్తే అది సాజినా. వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోయింది. మొక్కలంటే తనకు ఎంతో ఇష్టం, బాగా చూసుకుంటుంది కూడా. చెప్పింది చెప్పినట్టు చేసింది పాపం. తర్వాత "నా చేతికి మొక్కలు రావు" అని తననే తిట్టుకుంది. అమ్మినవాళ్లు సరైన పేరు రాసి ఉంటే ఆ మాట అనుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. నాకు బాధనిపించింది అక్కడే.

కాబట్టి ప్రశ్న అడిగిన పాఠకురాలికి, ఆవిడది సాజినా అని తేలితే, నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. దీనికి పొద్దుటి ఎండ, లేదా పలచటి వెలుతురు రోజులో చాలాసేపు తగలాలి. చల్లటి వాతావరణంలో పూర్తి ఎండను కూడా తట్టుకుంటుంది. మట్టి తేమగా ఉండాలి, కానీ నీళ్లు నిలవకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే మామూలు తోటమట్టిలో ముతక ఇసుక, బాగా మాగిన ఆకు ఎరువు కలపాలి. వేళ్లు పైపైనే ఉంటాయి, లోతైన కుండీ అక్కర్లేదు, వెడల్పు ఉంటే చాలు. అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

పెంచడానికి మంచి దారి విభజన. మజ్జిగా వద్దు, రుబ్బడమూ వద్దు. పదునైన కత్తితో వేళ్లు, కింది మట్టితో సహా రెండంగుళాల ముక్కలుగా కోసి, 15 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. నాటాక అరచేత్తో గట్టిగా నొక్కాలి. ముక్క కింద గాలి ఖాళీ మిగిలితే వేరు మట్టిని అందుకోలేక ఎండిపోతుంది. చాలామంది ఈ నొక్కడం దగ్గరే మొహమాటపడతారు, మొక్క నలుగుతుందేమోనని. నలగదు, నొక్కండి. అంచులు నేలతో సమంగా ఉండాలి. వేరు నిలదొక్కుకునే దాకా సన్నటి జల్లు పడే క్యానుతో పొద్దున్నే నీళ్లు పోయాలి. ఆ తర్వాత వేలితో తాకి చూసి, పైమట్టి ఆరడం మొదలైనప్పుడే పోయాలి. రాత్రంతా ఆకుల మీద నీళ్లు నిలిస్తే బూజు తెగుళ్లు వస్తాయి.

విత్తనం నుంచి పెంచాలనుకుంటే ఓపిక కావాలి. గింజలు చాలా సన్నం. పొడి ఇసుకలో కలిపి మట్టిమీద చల్లి వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు, మొలవడానికి వెలుతురు కావాలి. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టి కిందినుంచి తడి ఎక్కనివ్వాలి.

ఎరువు దాదాపు అవసరం ఉండదు. నత్రజని ఎక్కువైతే కాడలు సాగి, గుబురు విడిపోయి, వానకు పడి కుళ్లుతుంది. రాలిన ఆకులు పైన పడితే అదే రోజు తీసేయండి, కిందున్న భాగం వెలుతురు లేక పసుపుపచ్చగా మారిపోతుంది. కలుపు మొలకలను చిన్నగా ఉన్నప్పుడే చిన్న పట్టకారుతో లాగాలి. ముదిరాక లాగితే దాని వేరుతోపాటు చాప కూడా ఊడి వస్తుంది. మధ్యలో అసలైన నాచు మొలుస్తోందంటే అక్కడ తడి ఎక్కువైందని, వెలుతురు తక్కువైందని అర్థం. ఒకట్రెండేళ్లకు గుబురు తనమీద తనే పెరిగి ఉబ్బెత్తుగా లేస్తుంది. అలా లేచిన చోట వేళ్లు నేలకు దూరమై నడుమ గోధుమరంగు తిరుగుతుంది. దానికి మందు లేదు. ఉబ్బు మధ్యలోంచి సన్నటి పట్టీలా కోసి తీసేసి, రెండు వైపులా కిందికి నొక్కితే మళ్లీ కలిసిపోతుంది. తీసిన పట్టీలో పచ్చగా ఉన్న ముక్కలు ఇంకో చోట నాటుకోవచ్చు. అప్పుడప్పుడూ అడుగు పడితే ఏమీ కాదు గానీ రోజూ నడిచే దారిలో మాత్రం వేయకండి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. వేసవి బాగా వేడిగా, ఉక్కగా ఉండే చోట సాజినా ఎక్కువ కాలం నిలవదు. ఎంత బాగా చూసినా నిలవదు. అలాంటి చోట ఉన్నవాళ్లు దానితో కుస్తీ పడటం కన్నా అక్కడికి నప్పే మొక్కను ఎంచుకోవడం మేలు. ఎండ బాగా ఉంటే గడ్డి గులాబీ ఉంది. దక్షిణ అమెరికా మొక్క అయినా ఎండనేలకు ఇట్టే అలవాటు పడుతుంది. కాడ తుంచి గుచ్చితే బతుకుతుంది, మొండి ఎండలో పూస్తుంది, ఆకులోనే నీళ్లు దాచుకుంటుంది. ఎండ లేని రోజు మాత్రం పువ్వు విప్పదు. నీడ, తేమ ఉంటే పైలియానే కావాలని పెంచండి. పూలు కంటికి ఆనకపోయినా నేలంతా మెత్తగా కమ్ముకుంటుంది. నిజమైన నాచు కూడా నీడనేలకు చక్కటి అందమే. పూలు పూయలేదని దాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు.

సంపాదకుల వారిని రెండు కోరుతున్నాను. ఆ పాఠకురాలు ఈపాటికే మజ్జిగ కలిపారేమో తెలియదు. అందుకని వచ్చే ఆదివారమే సవరణ వేయండి, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో. రెండోది, ఇకముందు ఏ మొక్క గురించి రాసినా వాడుక పేరు పక్కన శాస్త్రీయ నామం తెలుగు లిపిలోనే వేయండి. పెద్దగా చోటు పట్టదు, కానీ ఆ పేరుతో వెతికితే మొక్క సరైనదే దొరుకుతుంది. పాఠకులు పంపే ఫొటోల్లో మొక్క పక్కన స్కేలు ఒకటి, పువ్వును పక్కనుంచి తీసినది ఒకటి, ఆకు జంటను దగ్గరగా తీసినది ఒకటి ఉండాలని నియమం పెడితే జవాబు రాసేవాళ్లకు కూడా పని సులువవుతుంది.

ఆ పాఠకురాలు పువ్వు రక్షకపత్రాలు నాలుగో అయిదో, కీలాలు మూడో అయిదో లెక్కపెట్టి మీకు రాస్తే, ఆ ఉత్తరం నాకు పంపండి. ఆ మొక్క ఏదో ఖాయం చేసి, వాళ్ల వేసవికి అది నిలుస్తుందో లేదో రాసి పంపే బాధ్యత నాది.

ఇట్లు,
రిటైర్డ్ బోటనీ లెక్చరర్, మీ పాఠకురాలు